ముదురు పచ్చ గడి

నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పటానికి రంగులు వేసేవాడికి పసుపు, గోధుమరంగు పెన్సిళ్లు ఇట్టే అరిగిపోతాయి. ఆకుపచ్చ పెన్సిలు మాత్రం ఏళ్ల తరబడి కొత్తగానే ఉంటుంది. అడవుల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరిన కొత్తలో నేను స్టోరు గుమాస్తాతో బేరమాడి, మిగిలిపోయిన ఆకుపచ్చ పెన్సిళ్లు వాపసిచ్చి వాటి బదులు పసుపువి తెచ్చుకునేవాణ్ణి. నకిరేకల్‌లో కిరాణా దుకాణం గల్లా పక్కన పెరిగినవాణ్ణి. కదలని సరుకు కళ్లముందు ఉంటే నాకు నిద్ర పట్టదు.

ఇప్పుడు ఈ ఉద్యోగాల్లోకి వస్తున్న మీకు రంగులు కంప్యూటరే వేసిపెడుతోంది. మీ పటాలు మావాటికన్నా ఎంతో నయం, అందులో అనుమానం లేదు. మేం నెలల తరబడి చేసిన పని మీరు టీ చల్లారేలోపు చేస్తారు. అందుకే పటం ఎలా వేయాలో మీకు చెప్పబోవడం లేదు. పటంలో బాగా పచ్చగా కనబడిన ఒక గడిని నమ్ముకుని మేమొక జింకల మందను ఏంచేశామో చెబుతాను.

ఎనభైల చివర మా ఆఫీసుకు ఒక కుర్ర అధికారి బదిలీ మీద వచ్చాడు. కోస్తా వైపు మనిషి. అటెండరుతో సహా అందరినీ ‘అండీ’ అనే పిలిచేవాడు. మొదటి వారం మేం చాటుగా నవ్వుకున్నాం. రెండో వారం నుంచి ఆయన వెనక నడవడం మొదలుపెట్టాం. ఎందుకంటే ఆయన ఎక్కడికి వెళ్లినా జీపు దిగి నడిచేవాడు, అధికారి నడుస్తుంటే డ్రాఫ్ట్స్‌మన్ జీపులో కూర్చోలేడు. నా బొజ్జ తగ్గిన కాలం నా మొత్తం సర్వీసులో అదొక్కటే.

రెండు జిల్లాల్లోనూ కృష్ణజింకలకు ఏ జాగా ఎంత అనువైనదో తేల్చి పటం వేయాలన్నది ఆయన సంకల్పం. పద్ధతి తేలికైనదే. సర్వే వాళ్లు అచ్చేసిన టోపో షీట్ల మీద గళ్లు గీశాం. ఒక్కో గడిలో గడ్డి ఎంతుంది, నీళ్లు ఎంత దూరం, నేల చదునుగా ఉందా రాళ్లమయమా, ఊరు దగ్గరా దూరమా అని చూసి, బడిపిల్లలకు వేసినట్టు మార్కులు వేశాం. అన్నీ కలిపి ఎక్కువ వచ్చిన గళ్లకు ముదురు పచ్చ, తర్వాతివాటికి లేత పచ్చ, ఆ తర్వాత పసుపు, ఎందుకూ కొరగానివాటికి గోధుమరంగు. రంగులు నేనే వేశాను. హాలియా వైపు కాలువ నీళ్లొచ్చి అంతా వరి అయిపోయింది కాబట్టి అది పటంలో గోధుమరంగు. మనుషులకు బంగారమైన నేల జింకలకు పనికిరాదని నా చేత్తో నేనే రంగు పూసినప్పుడు కొంచెం తమాషాగా అనిపించింది.

పటం పూర్తయ్యాక మనుషులను పంపి జింకలను లెక్కపెట్టించాం. గోధుమరంగు గళ్లలో జింకలు దాదాపు లేవు. అక్కడివరకు పటం మాట నిలిచింది. ముదురు పచ్చ గళ్ల దగ్గరే చిక్కొచ్చింది. కొన్నిటిలో మందలకు మందలున్నాయి, కొన్నిటిలో ఒకటీ అరా తిరుగుతున్నాయి, కొన్నిటిలో అసలు లేవు. మార్కులు సమానంగా వచ్చిన గళ్లలో జింకలు సమానంగా లేవు.

సార్ తల పట్టుకున్నాడు. నాకు మాత్రం పెద్ద ఆశ్చర్యం కలగలేదు. నకిరేకల్ బజారులో మా దుకాణానికీ ఎదురు దుకాణానికీ మధ్య రోడ్డొక్కటే అడ్డం. బస్సు దిగినవాడికి రెండూ కనబడతాయి. రెండింటిలోనూ అదే పప్పు, అదే నూనె. మా బాపు దగ్గర జనం మీదపడి నిలబడేవాళ్లు, ఎదుటాయన ఈగలు తోలుకునేవాడు. మంచి జాగా ఉంటే గిరాకీ రావడానికి వీలుంటుంది, అంతే. ఎక్కువలో ఎక్కువ ఎంత రావచ్చో జాగా చెబుతుంది. ఎంత వస్తుందో అది చెప్పదు. ఈ మాట సార్‌తో అంటే ఆయన తన పుస్తకంలో రాసుకున్నాడు. నా మాట ఒక అధికారి రాసుకోవడం అదే మొదటిసారి కావడంతో ఆ రోజంతా నేను కొంచెం పొడుగ్గా నడిచాను.

ఆ పటంలో రెండు గళ్లు సార్‌కు నిద్ర లేకుండా చేశాయి.

ఒకటి మహబూబ్‌నగర్ జిల్లాలో, డిండి వాగు అవతల ఉన్న గడ్డి కంచె, అంటే గడ్డి పెరిగే బీడు. అన్ని గళ్లలోకీ ఎక్కువ మార్కులు దానికే. వానాకాలంలో మేం సర్వేకు వెళ్లినప్పుడు నడుముదాకా గడ్డి, పక్కనే కుంటలో నీళ్లు, దగ్గర్లో ఊరన్నది లేదు. అంత బాగున్న చోట ఒక్క జింక కూడా లేదు.

రెండోది మర్రిగూడ పక్కనున్న ఒక మెట్ట ఊరు. అక్కడ కంది, పత్తి, రాళ్లు తప్ప ఏమీ లేవు. ఫ్లోరైడ్ ఉన్న బావి నీళ్లు తాగి నడివయసుకే మోకాళ్లు వంగిపోయే ఊరు. పటంలో అది గోధుమరంగు. అక్కడ మాత్రం ముప్పై దాకా జింకలున్న మంద నిమ్మళంగా బతుకుతోంది, ఏటా పిల్లలను పెడుతోంది. కాగితానిది తప్పా, జింకలది తప్పా అంటే మా ఆఫీసులో ఎప్పుడూ జింకలదే తప్పు.

“ఉండకూడని చోట ఉన్నాయండీ ఇవి” అన్నాడు సార్. “ఇవాళ కాకపోతే రేపు ఆ పత్తి మందులకో, ఎవరో పెట్టిన ఉచ్చుకో పోతాయి. ఉండాల్సిన చోటేమో ఖాళీగా ఉంది.”

మందను పట్టి డిండి అవతలికి తరలించాలన్న ఆలోచన అలా పుట్టింది. నేను నాకు తోచిన ప్రశ్న అడిగాను.

“సార్, నడిబజార్ల దుకాణం ఏండ్ల సంది ఖాళీగున్నదంటే మా ఇండ్లల్ల కిరాయి ముచ్చట తర్వాత. ముందుగాల అది ఎందుకు ఖాళీగున్నదో అడుగుతం.”

ఆయన విసుక్కోలేదు. “మంచి ప్రశ్నేనండీ. నేనూ కనుక్కున్నాను. ఒకప్పుడు జీపుల్లో వచ్చి తుపాకులతో వేటాడి అంతా ఊడ్చేశారట. ఇప్పుడు వేట లేదు. కానీ ఈలోగా చుట్టూ చేలు, రోడ్లు వచ్చేశాయి. జింకలు తిరిగి రావడానికి దారి లేదు. దుకాణం బాగానే ఉందండీ, తాళంచెవి పోయిందంతే.”

ఆ జవాబు నాకు నచ్చింది. అబద్ధం కూడా కాదు. అనుమతుల కోసం కాగితాలు పైకి వెళ్లి, కిందికి వచ్చి, మళ్లీ పైకి వెళ్లి, ఏడాది గడిచాక సరేనన్నారు.

ఊరివాళ్లను ఒప్పించే పని నాకు పడింది. బేరం చేయాల్సిన పని ఏదొచ్చినా ఆఫీసులో నావైపే చూసేవాళ్లు. నాతోపాటు మా వాచర్ వచ్చేవాడు. దేవరకొండ ముస్లిం, నాకన్నా పెద్దవాడు, దినకూలీ మీద ఏళ్ల తరబడి ఆ మందను కనిపెట్టుకుని ఉన్నవాడు. నేను భాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను సాబ్ అనేవాడు. ఆడజింకలు పొదల్లో ఈనినప్పుడు దూరంగా కూర్చుని వాటితో ఉర్దూలో మాట్లాడేవాడు. అవి లేచి పోకుండా నెమరేసుకుంటూ వినేవి.

ఆ ఊళ్లో కుక్కల మెడలకు మూరెడు కట్టె వేలాడేది. పరుగెత్తబోతే కట్టె ముందుకాళ్లకు తగిలి ఆగిపోయేవి. ఎప్పుడో ఒక ఏడాది కుక్కలు మేకపిల్లలను చంపాయట. అప్పటి నుంచి కుక్కను పెంచుకునే ప్రతివాడూ కట్టె కట్టాల్సిందేనని ఊరు కట్టుబాటు పెట్టుకుంది. బడి అరుగు మీద జనం కూడిన రోజు ఒక కుక్క కుంటుకుంటూ మా ముందు నుంచి పోతుంటే నేను నోరు ఊరుకోక, ఏంది మీ ఊళ్లో కుక్కలకు కూడా మోకాళ్ల నొప్పులేనా అన్నాను.

“మా ఊరి నీళ్లే తాగె గద సారూ” అంది ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సార్ నవ్వలేదు.

ఆమెను నేను పెద్దమ్మా అనేవాణ్ణి. మగడు పోయాక ఒంటిచేత్తో సేద్యం చేసుకుంటోంది. జింకల మంద ఎక్కువగా మేసేది ఆమె కందిచేనులోనే. మా ఆఫీసుకు బస్సెక్కి వచ్చి మరీ గొడవపడేది. “గివి మీ జింకలైతే మీ ఇంట్ల కట్టేసుకోన్రి. నా కందిల పెట్టి మేపుడెందుకు?” అని మొదటిసారి నన్ను నిలదీసింది ఆమే. నేను కిరాణా కొట్టువాడి కొడుకునని వాచర్ చెప్పినప్పటి నుంచి నన్ను కిరాణం సారు అనడం మొదలుపెట్టింది. చేనులో తెల్లవార్లూ డబ్బా కొట్టి జింకలను అదిలించేది, పొద్దున్నే ఏ జింక ఎక్కడ ఈనిందో వాచర్‌కు కబురు చెప్పేది. ఆ రెండూ ఒకదానికొకటి అడ్డమని ఆమెకెప్పుడూ తోచినట్టు లేదు.

సార్ ఆ రోజు ఓపిగ్గా అంతా వివరించాడు. అవతల గడ్డి ఎంత బాగుంటుందో, జింకల కోసం గుంత తవ్వి ట్యాంకరుతో మంచినీళ్లు ఎలా నింపుతామో చెప్పాడు. 

“అంటే జింకయితెనే మంచినీళ్లొస్తయన్నట్టు” అంది పెద్దమ్మ. “గా లారీల మమ్ముల గూడ ఎక్కియ్యరాదు సారూ. గడ్డి గూడ తింటం.”

ఈసారి నవ్వినవాళ్లు కొందరే.

ఇక అక్కడి నుంచి బేరం నాది. వాళ్లు బోరు అడిగారు. బోరు మా శాఖ చేతిలో లేదన్నాను. ట్యాంకరు అడిగారు. నేను తల గోక్కుని, సార్ ముఖం చూసి, చివరికొక దారి చెప్పాను. జింకల పనికి మా లారీ ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు ఖాళీగా రాదు, కృష్ణ నీళ్ల డ్రమ్ములు వేసుకుని వస్తుంది. ఎటూ ఖాళీగా రావాల్సిన లారీయే. ఊరు ఒప్పుకుంది. తిరిగొస్తూ జీపులో నేను సార్‌తో గొప్పగా అన్నాను, నా జన్మలో ఇంత చవకబేరం చేయలేదని. వాచర్ వెనక సీట్లో కూర్చుని బయటికి చూస్తున్నాడు.

పట్టే పనిని గురించి ఎక్కువ రాయను. వానలు వెనకబట్టాక, కంది మోకాలెత్తు ఉన్నప్పుడు పట్టాం. గరాటులాగా రెండు వైపులా గుంజలు పాతి, ఊరివాళ్లు ఇచ్చిన పాత చీరలు అడ్డంగా కట్టి, ఆఖరున వలలు దించాం. తెల్లవారుతూనే ఊరంతా వరసగా నడిచి మందను అటు తోలారు. వలలో పడ్డవాటికి కళ్లకు గంతలు కట్టి, కాళ్లు కట్టి, మనుషులే చేతుల మీద మోసుకెళ్లి లారీలో గడ్డి మీద పడుకోబెట్టారు. పశువుల డాక్టరు ఎంత జాగ్రత్తపడ్డా దారిలో కొన్ని భయానికే గుండె ఆగి చనిపోయాయి. కృష్ణజింకలు అంత సుకుమారమని మాకు ముందే తెలుసు. అయినా లారీ తలుపు తీసినప్పుడు సార్ అవతలికి తిరిగి నిలబడ్డాడు.

మిగిలినవాటిని కొన్ని వారాలు ముళ్లకంప దడిలో ఉంచి, తేరుకున్నాక వదిలాం. వాచర్ అక్కడే గుడారం వేసుకున్నాడు. వదిలిన వారానికి నేనూ సార్ వెళ్లి చూస్తే మంద ఆ నడుమెత్తు గడ్డిలో పరుచుకుని మేస్తోంది. వీపులు మాత్రమే కనబడుతున్నాయి. ముదురు పచ్చ గడి నా పెన్సిలు రంగు కన్నా అందంగా ఉంది. సార్ ఆ రోజు దారిలో జీపు ఆపించి మా అందరికీ మిర్చిబజ్జీలు తినిపించాడు. ఆయన అంత సంతోషంగా ఉండగా నేను చూడటం అదే ఆఖరు.

చలి ముదిరిన రోజుల్లో ఒక పొద్దున ఆఫీసుకు వచ్చేసరికి వాచర్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మొదటి బస్సుకు వచ్చాడట. టీ తెప్పిస్తే ముట్టుకోలేదు.

“సాబ్, కుక్కలు పడ్డయి” అన్నాడు. “నేను ఒక్కన్ని. ఏ దిక్కని ఉరకాలె?”

జీపులో ఆయన చెప్పింది ఇది. నాలుగైదు రోజుల కిందట ఆ కంచెలోకి గొర్రెల మందలు వచ్చాయి. ఒకటి కాదు, వాగు అవతలి ఊళ్ల నుంచి వరసగా వస్తూనే ఉన్నాయి. ప్రతి మంద వెంటా కాపలా కుక్కలు. వాచర్ కాళ్లూ గడ్డాలూ పట్టుకుని కాపరులను కొంత వెనక్కి జరిపించాడు. కుక్కలకు కాళ్లు మొక్కితే వింటాయా.

మేం వెళ్లేసరికి కూడా అది ఆగలేదు. కంచెలో కుక్కలు గడ్డి మధ్య నుంచి పోతున్నాయి. గడ్డి కదలడమే తప్ప కుక్కలు కనబడటం లేదు. గడ్డి ఎత్తుగా ఉందని ఆ గడికి అన్నిటికన్నా ఎక్కువ మార్కులు వేశాం. వాటికి కొంచెం ముందు రెండు ఆడజింకలు నిలబడి ఉన్నాయి. చెవులు నిక్కించి అటే చూస్తున్నాయి. కృష్ణజింక పరుగు అందుకుంటే కుక్క కాదు, జీపు కూడా దాన్ని అందుకోలేదు. కానీ అవి పరుగెత్తడం లేదు. సార్ కేకలు వేస్తూ పరుగెత్తాడు, డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. ఆ అరుపులకు అవి మా వైపు తిరిగి బెదిరాయి. కుక్కలకు మాత్రం బెదరలేదు. మొదటి కుక్క గడ్డిలోంచి బయటపడి దగ్గరికి వచ్చేదాకా, మామూలుగా పక్క నుంచి పోయేదాన్ని చూసినట్టు చూస్తూ నిలబడ్డాయి.

అప్పుడు నాకు మర్రిగూడ పక్క ఊరి కుక్కలు గుర్తుకొచ్చాయి. మెడలో కట్టెతో కుంటుకుంటూ పోయే కుక్కలు. ఆ మందలో ఏ జింకా పుట్టి బుద్ధెరిగాక పరుగెత్తే కుక్కను చూడలేదు. ఊరు తన మేకపిల్లల కోసం పెట్టుకున్న కట్టుబాటు కింద జింకలు కూడా బతికాయి. ఆ సంగతి ఊరికి తెలియదు, వాచర్‌కు తెలియదు, సార్‌కు తెలియదు. అంత దగ్గర నుంచి ఆ కట్టెలను చూసి హాస్యమాడిన నాకూ తెలియదు. మా మార్కుల కాగితంలో గడ్డికి గడి ఉంది, నీళ్లకు గడి ఉంది, ఊరికి ఎంత దూరమో దానికీ ఉంది. ఊరు దగ్గరైతే మార్కులు తగ్గించాం. వాటిని కాచిందేమో ఆ ఊరే.

ఒక గొర్రెల కాపరి కర్ర భుజాన వేసుకుని మా దగ్గరికి వచ్చాడు. తగవుకు రాలేదు. భయపడుతున్నాడు.

“మా తాతల సంది చలికాలం గీ కంచెలనే సారూ” అన్నాడు. “తోడేళ్లున్నయని గిన్ని కుక్కల పెంచుకున్నం. గీడ జింకలు గిట్ల ఎన్నడు నిలవయి. మీరు తెచ్చి ఇడిసిండ్రని మాకెవ్వలు చెప్పిన్రు?”

ఎవరూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. మేం సర్వేకు వచ్చింది వానాకాలం. అప్పుడు గొర్రెల మందలు చేల గట్ల మీద ఉంటాయి, కంచె ఖాళీగా ఉంటుంది. ఖాళీ చూసి, పక్కన మనిషి అలికిడి లేదని దానికి మార్కులు కలిపాం.

ఆ తర్వాత పది పదిహేను రోజులు సార్ అక్కడే ఉన్నాడు. కాపరులతో మాట్లాడి కొన్ని కుక్కలను కట్టేయించాడు. వాచర్ దొరికిన కట్టెలు తెచ్చి కొన్నిటి మెడలకు కట్టాడు కూడా. కానీ మంద అప్పటికే చెదిరిపోయింది. కొన్ని చచ్చాయి. మిగిలినవి ఎటు పోయాయో తెలియదు. వాచర్ గుట్టలన్నీ ఎక్కి వెతికాడు. వాగు ఒడ్డున ఒకటి కనబడింది, ప్రాణం లేదు. ఆమె మొహం ఇంటివైపే ఉందని చెప్పాడు. చచ్చిన జింకను వాచర్ ‘ఆమె’ అన్నాడు. మాలో ఎవరం దాన్ని సరిదిద్దలేదు.

నిబంధన ప్రకారం డాక్టరు కోసి చూశాక కళేబరాలను కాల్చాలి. చివరిది కాలుతున్నప్పుడు సార్ జీపు బానెట్ మీద నేను రంగులేసిన పటం పరిచి నిలబడ్డాడు.

“మీరు అడిగారు కదండీ” అన్నాడు, “ఎందుకు ఖాళీగా ఉందని.”

“అడిగిన సార్. మీరు చెప్పంగనే ఊకున్న. బేరంల మొదటి మాటకే ఒప్పుకున్నది నేను గా ఒక్కసారే.”

ఆయన పటం మడిచాడు. నామీద కోపం వస్తే బాగుండునని నేను ఆశపడ్డాను. రాలేదు. తప్పంతా తనదేనని రాసి పైకి పంపించాడు. అది పూర్తిగా నిజం కాదు. ఆయన పటం అబద్ధం చెప్పలేదు. ఇక్కడ జింక బతకడానికి వీలుందని చెప్పింది, అంతే. ఆ మాటను మేం ఇక్కడ జింకలు బతుకుతాయని విన్నాం. మీ కంప్యూటరు కూడా మొదటి మాటే చెబుతుంది. రెండోది చెప్పినట్టు వినబడితే, తెర ఆపి, చలికాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి అక్కడికి నడిచి వెళ్లండి. ఎవరు కనబడితే వాళ్లతో కూర్చోండి. పచ్చగా ఉన్న చోట ఎక్కువ లేకపోతే ఎందుకు లేవని, ఎండిన చోట ఎక్కువుంటే ఎందుకున్నాయని, ఒక్క జవాబుతో ఊరుకోకుండా అడగండి. నాకు తెలిసిన శాస్త్రం ఇంతే.

సార్‌కు బదిలీ వచ్చింది. వెళ్లేముందు, ఆ ఊరికి ఎవరి నోటి ద్వారానో తెలిసేకన్నా మనమే చెప్పడం మర్యాద అన్నాడు. తానే వస్తానన్నాడు. నేనే వద్దన్నాను. ఆయన మొహం చూస్తే వాళ్లకు నేను నోరు తెరవకముందే తెలిసిపోయేది.

కంది కోతల కాలంలో నేనూ వాచర్ బస్సు దిగి నడిచాం. దారి పొడుగునా ఏ మాటతో మొదలుపెట్టాలో నాలో నేను బేరమాడుకుంటూనే ఉన్నాను. కొన్ని మాత్రమే పోయాయని చెబుదామా. దూరంగా వెళ్లిపోయాయని చెబుదామా. 

పెద్దమ్మ చేనులో ఒక్కతే కోస్తోంది. పంట బాగా పండింది. ఆ చేనులో అంత నిండుగా కాయ నేనెప్పుడూ చూడలేదు. మమ్మల్ని చూసి కొడవలి చంకన పెట్టుకుని ఎదురొచ్చింది.

“వచ్చినవా కిరాణం సారూ. నేనే కబురు పంపుదామనుకుంటున్న.”

గట్టు దగ్గరికి రమ్మంది. వంగిన మోకాళ్లతో ఆమె ముందు నడుస్తుంటే మేం వెనక వెళ్లాం. గట్టు అవతల, చేను ఆఖరున, సేద్యం లేక పడావు పడ్డ మెట్ట చెలకలో ఒక నల్లటి మగజింక నిలబడి ఉంది. మెలితిరిగిన కొమ్ములు, తెల్లటి పొట్ట. మందకు పెద్దది అదే అయి ఉండాలి. మందంతా వలల్లోకి పోయిన రోజు అది ఎటో తప్పించుకుంది. దారిలో పోయినవాటిలో అదీ ఉందని డాక్టరూ మేమూ అనుకున్నాం. ఎవరం సరిగ్గా చూసుకోలేదు.

వాచర్ గట్టు ఎక్కి దాని కొమ్ముల మెలికలు లెక్కపెట్టాడు.

“మీరు పోయిన నాలుగు పొద్దులకు వచ్చిండు” అంది పెద్దమ్మ. “గప్పటిసంది గీ జాగా ఇడ్సి పోతలేడు. పొద్దుగాల్నే వచ్చి గాడ నిలబడతడు. కంది గూడ ఏం తింటలేడు. ఒక్కన్నే ఎందుకిడిసిపోయిన్రు సారూ? పాపం గాదా. జర లారీ పంపి గీన్ని గూడ తీస్కపోయి వాటిల కలుపున్రి. నీళ్లు గీళ్లు ఏం తేవద్దు, వట్టిగనే రాన్రి. నేనే పట్టిస్త.”



“అక్కడ లేవు పెద్దమ్మా” అన్నాను.

“లేకుంటె యాడున్నయి?”

వాచర్ చెప్పాడు. నాకు చేతకాదని ఆయనకు తెలుసు. ఏదీ దాచలేదు, ఏదీ తగ్గించలేదు. గుట్టలెక్కి వెతికింది, వాగు ఒడ్డు, అన్నీ చెప్పాడు.  మేం తిట్లకు సిద్ధపడి వచ్చాం. తిడితే తల వంచుకుని పడేవాళ్లం.

ఆమె మా వైపు చూడలేదు. ఆ నల్లటి జింకనే చూసింది. అది కూడా తల ఎత్తి మా వైపు చూసి, ఎప్పటిలాగే నిలబడింది.

“ఇగ నువ్వు యాడికి బోకు” అంది దానితో.

తర్వాత కొడవలి తీసుకుని, అది నిలబడ్డ వైపు కాకుండా చేను అవతలి కొసకు నడిచి వెళ్లి, అక్కడి నుంచి కోయడం మొదలుపెట్టింది.